బూట్లు విప్పిన ఆదివారం

ఆయన వంగి ముందు ఎడమ బూటు విప్పాడు, తర్వాత కుడిది. మేజోళ్ళు లాగి, ఉండలు చుట్టి బూట్లలో దోపాడు. ఆ బూట్ల జతను నా చేతికిచ్చి, రెండు వరసల మధ్య ఉన్న సిమెంటు నేల మీద వట్టికాళ్ళతో నిలబడ్డాడు.

సూరత్ దగ్గర పల్సానాలో ఒక మరమగ్గాల షెడ్డు అది. ఆదివారం పొద్దున. మగ్గాలన్నీ ఒకేసారి దడదడలాడుతున్నాయి. పక్కనున్న మనిషి అరిచినా వినపడని చోటు. మా ఫిజిక్స్ సారు ఒక చేత్తో నోటుపుస్తకం, ఇంకో చేత్తో వాచీ పట్టుకుని ఉన్నాడు. క్లాసులో నా పక్కన కూర్చునే సూరతీ ఆవిడ రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుంది. ఆ షెడ్డు యజమాని, ఆవిడ మరిదే, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాలివేళ్ళు నేలను పట్టుకున్నట్టు ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత కుడిచెయ్యి లేచింది. చూపుడువేలు మూడో వరసలో కిటికీ పక్కనున్న మగ్గాన్ని చూపించింది.

అన్నిట్లోకీ చక్కగా నడుస్తున్నది అదే. యజమాని నవ్వాడు. నవ్వు వినపడలేదు, పళ్ళు మాత్రం కనిపించాయి. సారు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ మగ్గం వైపే చూస్తూ అందరం నిలబడ్డాం. బూట్లు నా గుండెకు హత్తుకుని ఉన్నానని ఆ తర్వాతెప్పుడో గమనించాను.

సూరత్‌కు నేను వచ్చింది కూతురి దగ్గర ఉందామని. ఆమె ఇక్కడ చెవి, ముక్కు, గొంతు డాక్టరు. నేను ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, సగం కాలం రిపోర్టింగులో, సగం డెస్కులో. చేతిలో పని లేకపోయేసరికి కనబడ్డ ప్రతి అక్షరాన్నీ దిద్దడం మొదలుపెట్టాను. మా అపార్టుమెంటు నోటీసు బోర్డు మీది గుజరాతీలో తప్పు పట్టానని ఒకరోజు గర్వంగా చెబితే, నా కూతురు అన్నం తింటున్నదల్లా ఆగింది.

"అమ్మా, నీకు గుజరాతీ వచ్చా?"

"నేర్చుకుంటున్నాను."

"ఏదన్నా క్లాసులో చేరు. లేకపోతే వీళ్ళు మనల్ని ఖాళీ చేయిస్తారు."

ఇక్కడి విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్ళ కోసం ఆదివారం తరగతులు నడుస్తాయని కనుక్కున్నదీ ఆమే. పరీక్ష లేదు, మార్కులు లేవు, ఇంతకుముందు ఏం చదివావని అడిగేవాళ్ళు లేరు. ఆఖర్న పట్టా కూడా ఏమీ ఇవ్వరు. తెలుసుకోవాలన్న కోరిక ఉంటే చాలు. తోటల పెంపకం తరగతి అప్పటికే నిండిపోయింది. మిగిలింది శబ్దం గురించి. పది ఆదివారాలు. చేరిపోయాను.

మొదటి రోజు ఎవరికి వాళ్ళం పరిచయం చేసుకోవాలన్నాడు సారు. ముందు బెంచీలో, సరిగ్గా సారుకు ఎదురుగా, నా వయసాయన ఒకడు ఇస్త్రీ చొక్కా, నల్లగా మెరిసే కొత్త బూట్లతో కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడి హిందీలో ఒక్క కేక పెట్టాడు. తాను తెలంగాణ వాడినని, సూరత్ ఖాతాల్లో ముప్పై ఏళ్ళు మగ్గాలు నడిపానని, ఏడో తరగతి దాకా చదివానని. చెప్పింది అంతే, కానీ కిటికీలో పావురాలు లేచిపోయాయి.

నా పక్కనావిడ, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సూరతీ మనిషి, చెవి రుద్దుకుంటూ అంది: "భాయ్, ఊరవతల కామ్‌రేజ్‌లో ఉన్నవాళ్ళకు కూడా పరిచయం అయిపోయింది. ఇక మాకు మెల్లగా చెప్పండి."

అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. అందులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి గొంతు అలాగే ఉంటుందని నాకు తెలుసు. నేను కరీంనగర్‌లో రిపోర్టరుగా ఉన్నప్పుడు మరమగ్గాల వీధుల్లో తిరిగాను. అక్కడ వాళ్ళు మరమగ్గాన్ని సాంచా అంటారు. తెలుగులో పలకరించగానే ఆయన ముఖం విప్పారింది.

"మనోళ్ళేనా అక్కా! గింత సేపు చెప్పవైతివి!"

ఆయన సారు ముఖం మీంచి చూపు తిప్పేవాడు కాదు. భక్తి అనుకున్నాను. రెండో ఆదివారానికి అర్థమైంది, ఆయన పెదవులు చూసి మాట తెలుసుకుంటాడని. ఖాతాలో అందరూ చేసే పనే అది. సారు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడినప్పుడల్లా ఆయన నా వైపు తిరిగేవాడు. నేను పెదవులతో చెప్పేదాన్ని. ఇది గమనించి సారు కూడా బల్ల వైపు తిరిగి మాట్లాడడం మానేశాడు. అసలు బల్ల మీద రాయడమే మానేశాడని సూరతీ ఆవిడ ఫిర్యాదు.

ఆ తరగతికి ఒక పద్ధతి ఉంది. ప్రతివాళ్ళూ ఒక ప్రశ్న చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. వారానికొకటి తీసి దాని మీద మాట్లాడుకోవాలి. ఆయన తన చీటీ నా ముందు పెట్టాడు.

"జర నాది గూడ రాయక్కా. హిందీ మాట్లాడొస్తది గని రాయరాదు."

"చెప్పండి."

"ఖాతల ఎన్నో సాంచాలు నడుస్తుండె. అండ్ల ఒక్కటి ఆగిపోయేముందే నాకు తెలుస్తుండె. పోగు తెగుడో, నాడె ఇరుక్కునుడో, ఏదైతే అది. నేను అటు దిక్కు నడిసి పొయ్యేసరికి అది ఆగేది. సాంచాలు బాగుజేసే మాస్టర్లు గూడ నన్నే అడిగేటోళ్ళు, ఇయ్యాల దేన్ని సూడాలె అని. గది నాకెట్ల తెలుస్తుండె? గిదే అడుగు."

నాడె అంటే మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసేది. డెస్కులో ఉన్నన్నాళ్ళూ పొడుగు మాటను పొట్టి చెయ్యడం నా పని. అదే చేశాను. 'ఇన్ని మగ్గాల మధ్య ఒక్క మగ్గం శబ్దం నాకెలా వినపడేది?' అని హిందీలో రాశాను. శబ్దం మీద తరగతి కదా. చదివి వినిపిస్తే ఆయన కూడా తలూపాడు.

ఆ చీటీ మూడో ఆదివారం బయటికొచ్చింది. సారు దాన్ని రెండుసార్లు చదివాడు. సారు కళ్ళు వెలిగాయి. వచ్చేవారం పరీక్షిద్దాం అన్నాడు. ఏదో ఖాతాకు వెళ్ళి మగ్గాల చప్పుడు రికార్డు చేసుకొచ్చాడు. మధ్యలో మూడుచోట్ల ఒక్కో మగ్గం ఆగుతుంది. ఆగేముందు మీరు చెయ్యెత్తాలి, అంతే అన్నాడు.

స్పీకర్లలోంచి దడదడ మొదలైంది. ఆయన నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి చెయ్యెత్తాడు, తప్పు. ఇంకోసారి ఎత్తాడు, అదీ తప్పే. మూడోసారి ఎత్తనే లేదు. పాట అయిపోయినట్టు చప్పుడు ఆగింది. ఎవరో మొదలుపెట్టారు, అందరం చప్పట్లు కొట్టాం. ఆయన మీద ప్రేమతోనే కొట్టాం. ఆయన లేచి చేతులు జోడించి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

ఫోను చేస్తే ఎత్తలేదు. ముందు బెంచీ ఖాళీగా ఉండేసరికి సారు అలవాటు కొద్దీ ఎవరి వైపు తిరిగి మాట్లాడాలో తెలియక తడబడేవాడు. సూరతీ ఆవిడ ఆయన కోసమని తెచ్చిన ఖమణ్, అదే ఆవిరి మీద ఉడికించిన శనగపిండి పలహారం, నాకే పెట్టి, "మనం చప్పట్లు కొట్టకుండా ఉండాల్సింది బెన్" అంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి ఇదంతా కూతురికి చెప్పాను. ఆమె చెవి డాక్టరు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

"ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య ఉన్నాడా? ఆయన చెవులు ఎప్పుడో పోయుంటాయమ్మా. పెదవులు చూసి వింటున్నాడని నువ్వే చెప్పావు."

"మరి మాస్టర్లు ఆయన్నే అడిగేవారట."

"అది నాకు తెలీదు. చెవులు మాత్రం కాదు."

రాత పనిలో ఉన్నవాళ్ళకు ఇలాంటి వాక్యం దొరికితే ఊరుకోవడం కష్టం. మర్నాడు మధ్యాహ్నం లింబాయత్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మేడ మీద గది. బయటినుంచి ఇనుప మెట్లు. పైకెక్కి బెల్ మీద వేలు పెట్టబోతుంటే తలుపు తెరుచుకుంది.

"నువ్వా అక్కా! ఎవరో కొత్తోళ్ళు, జర బరువు మనిషి ఎక్కుతున్నరనుకున్న."

లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఇంటికొచ్చినామెను గట్లనే అంటరా? నీ నోట్లె దుమ్ము పొయ్య! నువ్వు రా వదినా, కూసో."

చాయ్‌తో పాటు సర్వపిండి ముక్కలు వచ్చాయి. తరగతి మాటెత్తితే ఆయన కప్పులోకి చూశాడు.

"ముప్పై ఏండ్లు అందరితోటి చెప్పుకున్న, నాకు ముందే ఇనవడ్తదని. నా కొడుకుతోటి గూడ. ఇప్పుడేమో మూడిట్ల ఒక్కటి గూడ దొరకలె. అంటే గన్నేండ్లు అబద్ధం చెప్పిన్నా అక్కా? మా ఊరోళ్ళందరికి?"

భార్యే అందుకుంది.

"ఇనవడుడా, ఈనకా? బెల్లు కొడితె ఇనవడది. ఫోను మోగితె ఇనవడది. నేను పిలిస్తె అసలే ఇనవడది. గని మెట్ల మీద పిల్లి ఎక్కినా ఎరుకైతది. ఎవ్వరొస్తున్నరో గూడ చెప్తడు."

అప్పుడు చూశాను. ఆయన గడప పక్కన గోడకు ఆనుకుని, వట్టికాళ్ళు గచ్చు మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. మెట్లు బిగించింది ఆ గచ్చుకే.

"ఖాతాలో చెప్పులేసుకునేవాళ్ళా?" అని అడిగాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "సాంచా కాడ చెప్పులా? పొద్దుగాల దానికి దండం పెట్టుకొని నడిపేటోళ్ళం. ఖాతా బయటనే ఇడ్శిపెట్టేటోళ్ళం. ఎవ్వలేసుకుంటరు?"

"మరి క్లాసుకు బూట్లు?"

"గవి కొడుకు కొన్నడు. రింగ్ రోడ్డుల చీరెల దుకాణంల పనిజేస్తడు గదా. 'యూనివర్సిటీకి చెప్పులతోని పోతవా బాపూ' అని తెచ్చిండు."

నేను చాయ్ పక్కన పెట్టి ఆయన కాళ్ళ వైపు చూశాను. ఆయనా చూసుకున్నాడు. భార్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏమైంది? ఏమన్న కుట్టిందా?" అంది.

ఏమీ కుట్టలేదు. నేను రాసిన చీటీ గుర్తొచ్చింది, అంతే. ఆయన అడిగింది 'నాకెట్ల తెలుస్తుండె' అని. వినపడడం అన్నది నా చేతి దిద్దుబాటు. స్పీకర్లో చప్పుడు ఉంటుంది గానీ నేల ఉండదు.

సారుకు ఫోన్లో చెబితే, "వచ్చే ఆదివారం అందరూ చెప్పులు బయట వదలండి" అన్నాడు.

ఆ ఆదివారం మా తరగతి గది ముందు చెప్పుల వరస, అందులో ఆయన నల్ల బూట్లు కూడా. లోపల సారు బెంచీలు గోడకు తోయించి, మమ్మల్ని కళ్ళు మూసుకుని నిలబడమని, గదికి ఒక మూల ఇటుక పడేశాడు, బంతి ఆడించాడు, ఒకళ్ళ వెనక ఒకళ్ళని నడిపించాడు. అడుగును బట్టి మనిషిని చెప్పాలి. అందరం తప్పులే చెప్పాం. ఆయన ఒక్కడే ఒక్కటీ తప్పలేదు. సారు పిల్లిలా మునివేళ్ళ మీద నడిచినా, "సారు. ఎడమ మోకాలు నొస్తున్నది సారుకు" అన్నాడు. నిజంగానే నొప్పి ఉందట. సూరతీ ఆవిడ ముందుకు అడుగెయ్యకుండా ఒక్క చోటే గెంతి, "ఇదెవరు?" అంది. "ఖమణ్ డబ్బా" అన్నాడాయన. ఆవిడ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

ఆ సమయానికే తలుపు తోసుకుని విశ్వవిద్యాలయం ప్యూను లోపలికి తొంగి చూశాడు. బయట చెప్పులు, లోపల కళ్ళు మూసుకుని నిలబడ్డ పెద్దలు. చేతులు జోడించి, "వ్రతకథ ఎప్పుడైపోతుంది? ప్రసాదం ఉందా?" అని గుసగుసగా అడిగాడు. సూరతీ ఆవిడ ఖమణ్ తీసి అతని దోసిట్లో పెట్టింది. కళ్ళకద్దుకుని తిన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు.

కానీ అడుగులు వేరు, మగ్గాలు వేరు. అది అందరికంటే ఎక్కువ ఆయనకే తెలుసు. ఖాతాకే వెళ్ళి చూద్దామని సారు అన్నప్పుడు తన మరిదికి పల్సానాలో పాతరకం నాడె మగ్గాలు ఇంకా ఉన్నాయని సూరతీ ఆవిడే చెప్పింది. మరుసటి ఆదివారం వ్యానులో బయల్దేరాం. దారంతా అంత్యాక్షరి. ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఖాతా గుమ్మం ముందు నా పక్కకొచ్చి, తనకు మెల్లగా అనిపించే గొంతుతో అన్నాడు:

"గీడ గూడ తప్పితె ఇగ మల్ల నన్ను అడగకక్కా."

వ్యాను డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

ముందు బూట్లతో, తర్వాత బూట్లు లేకుండా చూడాలన్నాడు సారు. బూట్లతో ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఆయన వీపు వెనకే ఒక మగ్గం ఆగిపోయింది. ఆయనకు తెలియలేదు. తల అడ్డంగా ఊపి, వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ కిటికీ పక్క మగ్గాన్ని చూపించాక ఎంతసేపు గడిచిందో సారు పుస్తకంలో ఉంది, నాకు గుర్తు లేదు. ఒక జత బూట్ల బరువు తెలిసేంతసేపు. తర్వాత ఆ మగ్గం ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది. నాడె తన పెట్టెలోకి సగమే వెళ్ళి ఇరుక్కుంది. దాన్ని నడిపే మనిషి విసుక్కుంటూ వచ్చాడు. సూరతీ ఆవిడ చెవుల్లోంచి వేళ్ళు తీసి నా భుజం పట్టుకుని ఊపేసింది. యజమాని గోడను వదిలి ముందుకొచ్చాడు. మేమంతా గెంతుతున్నాం, అరుస్తున్నాం, ఒక్క ముక్కా వినపడడం లేదు.

ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను వెళ్ళి భుజం తట్టాను. కళ్ళు తెరిచి ఆగిన మగ్గాన్ని చూశాడు. నవ్వలేదు. సారు వైపు తిరిగి, ఎడమ అరచేతి మీద వేలితో రాస్తున్నట్టు చూపించి, రాసుకున్నావా అని పెదవులతో అడిగాడు. సారు పుస్తకం ఎత్తి చూపించాడు. అప్పుడు నవ్వాడు.

రెండోది గుమ్మం దగ్గరి మగ్గం. అదీ ఆయన చెయ్యి లేచాకే ఆగింది. ఈసారి యజమాని తన మనుషుల్ని పిలిచి చూపించాడు. వాళ్ళలో ఇద్దరు మా వైపు వాళ్ళే. వాళ్ళు ఆశ్చర్యపోలేదు. ఒకడు నా దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు: "ఏంది మేడం, గిది సూసెతందుకు గింతమంది వచ్చిండ్రా? మాకు గూడ జరంత ఎరుకైతది. ఎవ్వరడుగుతరు?"

వెళ్ళబోతూ బూట్లు తొడుక్కోవడానికి కూర్చున్న ఆయన, ఒక కాలు ఇంకా వట్టిగా నేల మీద ఉండగానే ఆగాడు. గోడవారగా ఉన్న మగ్గాన్ని చూపించి, ఇది కూడా, అన్నట్టు తలూపాడు. సారు రాసుకున్నాడు. అందరం అక్కడే నిలబడ్డాం. మగ్గం నడుస్తూనే ఉంది. ఇంతలో భోజనాల వేళయిందని యజమాని పెద్ద స్విచ్చి దించాడు. అన్నీ ఒకేసారి ఆగాయి. చెవుల్లో గుయ్యిమంటున్న ఆ నిశ్శబ్దంలో సూరతీ ఆవిడ అరుపు ఒక్కటే మిగిలింది: "అరే, కాసేపు ఆగలేవా!"

మరిది బిక్కముఖం వేశాడు. దారిలో ఎవరూ అంత్యాక్షరి ఆడలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆయన కొడుక్కి ఫోను చేసి, వ్యానంతా వినేలా చెప్పాడు. "అబద్ధం కాదు బిడ్డా! రాసుకున్నరు! సారు పుస్తకంల ఉన్నది!"

ఆఖరి తరగతిలో సారు ఆ పుస్తకం తెరిచి మాముందు పెట్టాడు. రెండు సరిపోయాయి కాబట్టి రుజువైనట్టు కాదని చెప్పాడు. పాదాలతోనా, మిగిలిన కాస్త చెవితోనా, రెండూ కలిసా? మగ్గం ఆగేముందు నేలలో ఏం మారుతుంది? నాకు తెలియదు, అన్నాడు. నేల కింద పరికరాలు పెట్టి ఎన్నోసార్లు చూడాలి. మేము నిరాశగా మూలిగాం. ఆయన మాత్రం నా వైపు తిరిగి, గదంతా వినేలా సంబరంగా అన్నాడు: "ఇన్నవా అక్కా, సారుకే తెల్వదంట!"

వచ్చే విడత తరగతులకు ఆయన మళ్ళీ పేరిచ్చాడు. భార్య పేరు కూడా ఇచ్చాడు. ఆమె తోటల పెంపకంలో చేరింది. ఇప్పుడు ఇద్దరూ చెప్పులతోనే వస్తారు. బూట్లు పెళ్ళిళ్ళకని దాచారు.

పల్సానా ఖాతాకు సారు పరికరాలతో మళ్ళీ వెళ్ళేసరికి ఆ నాడె మగ్గాలన్నీ పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి. వాటి చోట నీటి ధారతో నేసే కొత్త మగ్గాలొచ్చాయి. వాటిలో నాడె ఉండదు, నేల అంతా తడి, అందరికీ రబ్బరు బూట్లు. గోడవార మగ్గం ఆ మధ్యాహ్నం స్విచ్చి వేశాక ఆగిందా లేదా అని యజమానిని అడిగాం. ఎవరూ చూడలేదన్నాడు. సారు పుస్తకంలో ఆయన చూపించిన మూడు మగ్గాలకు మూడు గడులున్నాయి. మూడోది ఇప్పటికీ ఖాళీ.